ఇబ్బందే లేదనే కంటికి లెన్సు వద్దని చెప్పడమెలా?

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక ఆప్టోమెట్రిస్టు రాసిన ఉత్తరం ఇది. ఆమె చదువు ముగించి మూడేళ్లయింది. ఒక కళ్లజోళ్ల దుకాణంలో కంటి పరీక్షలు చేస్తూ, కాంటాక్ట్ లెన్సులు అమర్చే పని కూడా చూస్తున్నారు. ఇటీవల 23 ఏళ్ల అమ్మాయి ఒకరు, తాను వాడే లెన్సులే మరో ఆరు నెలలకు సరిపడా కావాలంటూ ఆమె దగ్గరకు వచ్చింది. రెండు కళ్లకూ కళ్లజోడు పవరు మైనస్ 7.50. ఆరేళ్లుగా పాతరకం హైడ్రోజెల్ (నీరు పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్) లెన్సులు వాడుతోంది. నెలకొకసారి మార్చవలసిన జతను రెండు నెలల దాకా లాగిస్తుంది, రోజుకు 16 గంటలు పెట్టుకునే ఉంటుంది, మధ్యలో కునుకు తీసినా వాటిని తీయదు. స్లిట్ ల్యాంప్ (సన్నని వెలుగు పట్టీతో కంటిని పెద్దగా చూపే సూక్ష్మదర్శిని) కింద చూస్తే రెండు కళ్లలోనూ నల్లగుడ్డు పైభాగంలోకి సుమారు రెండు మిల్లీమీటర్ల మేర సన్నని రక్తనాళాలు పాకి ఉన్నాయి. పైరెప్ప తిప్పి చూస్తే లోపలంతా బొడిపెలు, పైపొర దెబ్బతిన్న చోట్లను చూపే ఫ్లోరెసిన్ రంగు వేస్తే కంటి ముందుపొర కార్నియా మీద అక్కడక్కడా చుక్కలు కనిపించాయి. నొప్పి లేదు, లెన్సుతో చూపు చక్కగా ఉంది.

"ఈ రోజు నుంచే లెన్సులు పూర్తిగా మానేయాలి, లేకపోతే చూపు పోతుంది" అని మా పాఠకురాలు ఆమెతో చెప్పారు. ఆ అమ్మాయి ఏడ్చి, తన కంటికి ఏ ఇబ్బందీ లేదనీ, కావాలనే భయపెడుతున్నారనీ అని వెళ్లిపోయింది. అడిగినది ఇవ్వక వచ్చిన మనిషిని పోగొట్టారని దుకాణం యజమాని కోప్పడ్డారు. మూడు రోజుల తరువాత ఆ అమ్మాయే ఫోను చేసి, "మీరు లెన్సులు ఇవ్వకపోయినా ఫరవాలేదు, నంబర్లు చెప్పండి చాలు, వేరేచోట తెప్పించుకుంటాను" అని అడిగింది. ఆ నంబర్లు ఇవ్వాలా వద్దా, ఈ ఉద్యోగంలో ఉండాలా మానాలా అన్నవి ఉత్తరంలోని ప్రశ్నలు. చివర మరొక వాక్యం ఉంది: "నిరుడు ఇదే అమ్మాయి వచ్చినప్పుడు దుకాణంలో రద్దీ ఎక్కువగా ఉండడంతో స్లిట్ ల్యాంప్‌తో చూడకుండానే లెన్సులు ఇచ్చి పంపేశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ చివరి వాక్యం దగ్గర నుంచి వెనక్కి చదివాను, ఎందుకంటే ఆ రోజు మీ గొంతులో పలికిన కాఠిన్యానికి కొంత కారణం అక్కడే ఉందని నాకు అనిపించింది. దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందుగా కంటి సంగతి తేల్చుకుందాం. ఆ అమ్మాయి కళ్లు ఎంత ప్రమాదంలో ఉన్నాయో, ఎంతలో లేవో స్పష్టపడితే గాని మీరు ఆమెతో ఏ మాట అనాలో, ఏది అనకూడదో తెలియదు.

మీకు తెలిసినదే అయినా ఇతర పాఠకుల కోసం చెబుతున్నాను. కంటి ముందున్న పారదర్శకమైన పొర కార్నియాలో రక్తనాళాలు ఉండవు, ఉంటే దానిలోంచి వెలుగు స్పష్టంగా సాగదు. అందుకే మెలకువగా ఉన్నంతసేపు దానికి కావలసిన ఆక్సిజన్‌ను కన్నీటి పొర ద్వారా నేరుగా గాలి నుంచి తీసుకుంటుంది, కళ్లు మూసుకున్నప్పుడు రెప్ప లోపలి రక్తనాళాల మీద ఆధారపడుతుంది. దాని మీద లెన్సు పెడితే గాలి ఆ లెన్సును దాటి రావాలి. చాలినంత రానప్పుడు, నెలలూ ఏళ్లూ గడిచేకొద్దీ, తెల్లగుడ్డు అంచున ఉన్న నాళాలు కొమ్మలు వేసి లోపలికి పాకుతాయి. పైరెప్ప ఎప్పుడూ కప్పి ఉంచే పైభాగంలో ఈ కొరత ఎక్కువ కాబట్టి మీరు నాళాలను అక్కడ చూశారు.

లెన్సు ఎంత ఆక్సిజన్‌ను దాటనిస్తుందో చెప్పే అంకె ఒకటి ఉంది. కార్నియా వాయకుండా ఉండడానికి పగటి వాడకానికి అది కనీసం 24, రాత్రి నిద్రలో వాడాలంటే 87 ఉండాలని పరిశోధకులు బ్రయన్ హోల్డెన్, జార్జ్ మెర్ట్జ్ 1984లో లెక్క కట్టారు. పాతరకం హైడ్రోజెల్ లెన్సులు చాలావరకు ఆ 24 దరిదాపుల్లోనే ఆగిపోతాయి. 1990ల చివర వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సుల్లో చాలావాటికి ఆ అంకె అనేక రెట్లు ఎక్కువ. ఇక్కడ గమనించవలసిన మరో సంగతి ఉంది. సాధారణంగా కంపెనీ ప్రకటించే అంకె మైనస్ 3.00 పవరున్న లెన్సును, అదీ దాని నడిమి భాగంలో కొలిచినది. మైనస్ పవరు పెరిగేకొద్దీ లెన్సు నడుమ పల్చగా ఉండి, అంచువైపు మందమవుతుంది. అంటే ఈ అమ్మాయి పవరుకు లెన్సు బాగా మందంగా ఉండే చోటు, నాళాలు బయలుదేరే చోటుకు దగ్గరగా వస్తుంది. ఆమె నిర్లక్ష్యం ఉన్నమాట నిజమే గాని, నియమం తప్పకుండా వాడినా ఆ పవరులో ఆ రకం లెన్సు ఆమెకు సరిపోయేది కాదు. ఈ మాట ఆమె మీ నోట వినాలి. ఇంతవరకు ఆమెకు చేరింది నింద ఒక్కటే.

"నాకు ఏ ఇబ్బందీ లేదు" అన్నప్పుడు ఆమె అబద్ధమాడలేదు. కొత్తగా పుట్టిన నాళం నొప్పి పెట్టదు. పైగా ఏళ్ల తరబడి లెన్సు వాడిన కార్నియాకు స్పర్శ తెలియడం తగ్గుతుంది. బిగుతుగా పట్టిన లెన్సు కదలకపోవడం వల్ల మొదట్లో వదులు లెన్సు కంటే హాయిగా కూడా అనిపిస్తుంది. మన వృత్తిలో మనిషి చెప్పే సుఖానికీ, కంటి ఆరోగ్యానికీ మధ్య ఇంత దూరం ఉంది కాబట్టే స్లిట్ ల్యాంప్ అవసరమైంది. తనకు తెలియనిది మీకు కనబడిందని ఆమెకు నమ్మకం కలగాలంటే ఆమె కూడా దాన్ని చూడాలి. కంటి ఫొటో తీసే వీలు ఉంటే తీసి, ఆ నాళాల కొసలను ఆమెకే చూపించండి. నేను చూసినంతలో భయపెట్టే మాట కంటే ఆ ఫొటో ఎంతో ఎక్కువ పని చేస్తుంది.

"చూపు పోతుంది" అన్న మాట దగ్గర నాకు మీతో పేచీ ఉంది. ఆ అమ్మాయి కళ్లలో ఉన్నది ఇంకా గోటితో పోయే దశ. ఆక్సిజన్ అందితే ఆ నాళాల్లో రక్తం ఇంకిపోతుంది. ఖాళీ గొట్టాల జాడ మాత్రం మిగులుతుంది, మళ్లీ కొరత వస్తే అవి త్వరగా నిండుతాయి. నాళాలు కనుపాప దిశగా లోతుకు సాగితే వాటి నుంచి కొవ్వు కారి మచ్చ పడవచ్చు, ఎప్పుడైనా కార్నియా మార్పిడి అవసరమైతే శరీరం కొత్త కార్నియాను తిరస్కరించే అవకాశం పెరుగుతుంది. ఇవి నిజమైన నష్టాలు, వీటిని ఉన్నవున్నట్టు చెప్పవచ్చు. నిజంగా చూపు పోగొట్టగల ప్రమాదం నాళాల కంటే ఆమె నిద్ర అలవాటులో ఉంది. 2008లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, పగలు మాత్రమే మెత్తని లెన్సులు వాడేవారిలో ఏడాదికి 10,000 మందికి సుమారు ఇద్దరికి కార్నియాకు సూక్ష్మజీవుల పుండు పడితే, రాత్రిళ్లు కూడా లెన్సుతో నిద్రించేవారిలో ఆ సంఖ్య దాదాపు 20, ఆపైన తేలింది. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు కూడా నిద్రలోని ఈ ముప్పును తగ్గించలేకపోయాయి. కాబట్టి మీరు లెన్సు రకం మార్చినా, నిద్రకు ముందు తీయడమన్న నియమంలో సడలింపు ఇవ్వడానికి వీల్లేదు.

ఇక మనిషి సంగతి. ఆమె ఎందుకు ఏడ్చిందో మీరు రాయలేదు, బహుశా అడిగి ఉండరు. అందచందాల కోసమే అనుకోవడం మనకు తేలిక. అయితే మైనస్ 7.50 కళ్లజోడులోంచి చూసే మనిషికి లెన్సుతో కంటే వస్తువులు సుమారు ఎనిమిది శాతం చిన్నగా కనిపిస్తాయి, అద్దం అంచుల దగ్గర గీతలు వంగుతాయి, పక్కచూపు ఫ్రేము దగ్గర తెగిపోతుంది. ఆరేళ్లు లెన్సులకు అలవాటుపడిన మనిషి ఒక్కసారిగా కళ్లజోడుకు మారితే మెట్లు దిగడానికే తడబడుతుంది. ఆమె దగ్గరున్న కళ్లజోడు ఏ నాటిదో, దాని పవరు ఇప్పటికీ సరిపోతుందో లేదో కనుక్కున్నారా? లెన్సు మానమనడానికి ముందు ఆమె రోజంతా పెట్టుకోగల కళ్లజోడు ఒకటి చేతిలో ఉండాలి. చిన్న గుండ్రని ఫ్రేములో, పల్చని హై ఇండెక్స్ అద్దాలతో, కనుపాపల మధ్య దూరం సరిగా కొలిచి చేయించిన జోడు ఆ పవరుకు చాలా తేడా చేస్తుంది. ఇది మీ చేతిలో ఉన్న పని, మీ యజమానికి కూడా అభ్యంతరం ఉండని పని.

ఆ జోడు సిద్ధమైన తరువాత మీ ముందు రెండు మూడు దారులు ఉన్నాయి. అన్నిటికంటే భద్రమైనది, కొన్ని వారాలు లెన్సులు పూర్తిగా ఆపి, కార్నియా మీద చుక్కలు పోయి, రెప్ప లోపలి వాపు తగ్గాక కొత్తగా అమర్చడం. రెప్ప బొడిపెలు పూర్తిగా అణగడానికి నెలలు పట్టవచ్చు, దురద, జిగురు తగ్గితే చాలు. నేత్రవైద్యులు అవసరమనుకుంటే చుక్కలమందు రాస్తారు. కంటి ఆరోగ్యం దృష్టితో చూస్తే నేను ఈ దారినే కోరుకుంటాను. దీనిలోని లోపం ఒక్కటే: ఆ అమ్మాయి ఒప్పుకోకుండా మొహమాటానికి తలూపి వెళ్లిపోతే, ఇంట్లో మిగిలిన పాత జతను మూడో నెల కూడా వాడుతుంది, దాని సంగతి మీకు ఎప్పటికీ తెలియదు.

రెండో దారి, నేత్రవైద్యులు ఒకసారి చూసి కంటిలో పుండు, వాపు లేవని తేల్చిన తరువాత, రోజూ పారవేసే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు అమర్చి, గంటలు తగ్గించడం. రోజుకు ఎనిమిది గంటలకు మించకుండా, వారంలో రెండు రోజులు పూర్తిగా కళ్లజోడుతో, నిద్రకు ముందు తప్పనిసరిగా తీసేస్తూ, రెండు వారాలకు ఒకసారి, తరువాత నెలకు ఒకసారి మీకు చూపించుకునేలా. రోజూ కొత్త జత కాబట్టి లెన్సు మీద పేరుకునే మలినం ఉండదు, డబ్బా, ద్రావణం అక్కర్లేదు, "ఇంకో నెల లాగిద్దాం" అన్న ఆలోచనకు తావు తక్కువ. కన్ను నయమవడం మాత్రం నెమ్మదిగా సాగుతుంది, బొడిపెలు తగ్గకపోవచ్చు, అంతా ఆమె చెప్పే గంటల లెక్క మీద ఆధారపడుతుంది. లెక్క తప్పితే నాళాలే చెబుతాయి: మొదటి రోజు వాటి పొడవు కొలిచి, ఫొటో తీసి పెట్టుకుంటే, నెల తరువాత అవి ఖాళీ అవుతున్నాయో లేదో ఇద్దరూ కలిసి చూడవచ్చు. ఖాళీ కాకపోతే మొదటి దారికి మారాలన్న ఒప్పందం ముందే చేసుకోండి. మూడో దారిగా గాలి చొరబడే గట్టి లెన్సుల గురించి మీరు ఆలోచించి ఉంటారు. అవి చిన్నవి, కింద కన్నీరు మారుతూ ఉంటుంది, ఆ పవరుకు చూపు కూడా చాలా బాగుంటుంది. కాని రెప్ప లోపల ఆ స్థితిలో ఉండగా వాటిని మొదలుపెడితే నాలుగో రోజుకే ఆమె తీసి పారేస్తుంది. కంటి వాపు తగ్గాక ఎత్తవలసిన ప్రస్తావన అది.

నేనైతే మొదటి దారిని ఆమె ముందు పెట్టి, కారణాలు చెప్పి, ఒప్పుకోకపోతే రెండో దారికి దిగుతాను. దాన్ని లొంగిపోవడంగా నేను అనుకోను. వృత్తిలో తొలి ఏళ్లలో నేను కూడా ఒక యువకుణ్ణి గట్టిగా కోప్పడి పంపాను. అతను మళ్లీ నా దగ్గరకు రాలేదు. ఎనిమిది నెలల తరువాత కార్నియా మీద పుండుతో ఆసుపత్రిలో చేరాడని తెలిసింది. నేను చెప్పినదంతా సరైనదే, నా రికార్డులో కూడా అంతా సక్రమంగానే ఉంది. అతని కనుపాప పక్కన తెల్లమచ్చ మాత్రం ఉండిపోయింది. ఆమె మీ కుర్చీలో కూర్చుంటున్నంత కాలం ఆ కళ్లను చూసే మనిషి ఒకరు ఉంటారు. ఆ అమ్మాయి విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే.

నంబర్ల విషయానికి వస్తాను. ఆమె అడిగే నంబర్లు ఆమె కంటివే, వాటిని దాచి ఉంచడం వల్ల ఆమెను ఆపలేరు. పాత డబ్బా మీద అవి అచ్చయి ఉంటాయి, లేదంటే కళ్లజోడు పవరునే లెన్సు పవరుగా రాసి తెప్పించుకుంటుంది. కళ్లజోడులో మైనస్ 7.50, అద్దానికీ కంటికీ మధ్య 12 మిల్లీమీటర్ల దూరం లెక్కలోకి తీసుకుంటే, లెన్సులో మైనస్ 6.88 అవుతుంది. ఆ సంగతి తెలియకపోతే అర డయాప్టరుకు (పవరు కొలిచే ప్రమాణం) పైగా ఎక్కువ పవరుతో, రోజంతా తలనొప్పితో తిరుగుతుంది. వక్రత అంకె, అంటే లెన్సు లోపలివైపు వంపును మిల్లీమీటర్లలో చెప్పే అంకె, సంగతి కూడా అంతే. ఒక రకంలో 8.6గా కూర్చున్న లెన్సు, ఇంకో పదార్థంతో చేసినప్పుడు అదే 8.6 అయినా కన్ను ఆర్పినప్పుడు కదలకుండా బిగుసుకోవచ్చు. పెట్టిన కొన్ని నిమిషాల తరువాత కదలిక చూసి, కిందిరెప్పతో నెట్టి చూసి, అంచు తెల్లగుడ్డును నొక్కుతోందేమో గమనించాకే అది ఆ కంటికి సరిపోయిందని అనగలం. అందుకని ఆ రెండు మూడు అంకెలను ఫోనులో చెప్పవద్దు, "ఇవ్వను" అని కూడా అనవద్దు. పరీక్ష తేదీ, నాళాల కొలత, రెప్ప స్థితి, "ప్రస్తుతం పాత లెన్సు కొనసాగించడం తగదు" అన్న మీ అభిప్రాయం, వీటన్నిటితో కలిపి పూర్తి రికార్డు రాసి, సంతకం చేసి, ఆమె చేతికి ఇస్తానని చెప్పండి. ప్రిస్క్రిప్షన్ ఇచ్చే విషయంలో నియమాలు దేశానికొకలా ఉంటాయి కాబట్టి మీకు వర్తించేవి ఒకసారి చూసుకోండి. ఆమె ఆ కాగితం తీసుకుని వేరేచోటికే వెళ్లినా, అక్కడి పరీక్షకులకు మొదటి రోజు నుంచే విషయం తెలిసి ఉంటుంది.

నిరుటి సంగతి. రెండు మిల్లీమీటర్ల నాళాలు వారంలో పెరగవు, నిరుడు చూసి ఉంటే కొంతైనా కనిపించి ఉండవచ్చు. ఇది మీకూ తెలుసు, అందుకే ఈసారి చూడగానే అంత ఆందోళన పడి, ఆ ఆందోళనంతా ఆమె మీదకు వెళ్లిందని నాకు అనిపిస్తోంది. ఈ మాట ఆమెతో చెప్పాలా? చెప్పకపోతే మీ ఉద్యోగానికి ఇబ్బంది రాదు, కాని ఇకపై ఆమెతో మాట్లాడిన ప్రతిసారీ మీ గొంతులో అది అడ్డుపడుతుంది. చెబితే ఆమె కోపగించవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, ఆ హక్కు ఆమెకు ఉంది. "నిరుడే నేను చూడవలసింది, చూడలేదు, ఈసారి అలా జరగనివ్వను" అని ఒక్క వాక్యంలో, సంజాయిషీ లేకుండా చెప్పడం మంచిదని నా అభిప్రాయం. కావాలనే భయపెడుతున్నారనుకున్న మనిషికి మీ నిజాయితీ కనబడే చోటు అదే. నిర్ణయం మీది, దాని బరువు మోసేది కూడా మీరే కాబట్టి ఇంతకంటే ఒత్తిడి చేయను.

ఉద్యోగం మానడం గురించి ఇప్పుడే తేల్చుకోకండి. యజమాని మీతో తగువుపడింది ఒక్క అమ్మకం కోసమే అయితే, ఆయనతో మాట్లాడే మార్గం ఉంది. చివరి పరీక్ష జరిగి ఏడాది దాటిన ఎవరికైనా స్లిట్ ల్యాంప్ పరీక్ష లేకుండా లెన్సులు మళ్లీ ఇవ్వకూడదన్న ఒక్క నియమాన్ని, రద్దీ రోజుల్లో కూడా మీకు పావుగంట దొరికే ఏర్పాటును అడగండి. ఆ ఫొటో ఆయనకు కూడా చూపించండి. రోజూ పారవేసే లెన్సులు, కొత్త కళ్లజోడు, క్రమంగా తిరిగివచ్చే మనిషి ఆయన లెక్కలోనూ నష్టం కావు. ఆయన ఒప్పుకుంటే మీకు ఆ దుకాణంలో మంచి పని చేసే వీలుంది. ఒప్పుకోకుండా, చూడని కళ్లకు సంతకం పెట్టమని మళ్లీ అడిగితే, అప్పుడు వేరేచోటు వెతుక్కోవడం మొదలుపెట్టండి, అంతవరకు ప్రతి అభ్యంతరాన్నీ తేదీతో రికార్డులో రాసి పెట్టుకోండి. కింద ఉండే సంతకం మీదే అవుతుంది.

ఈ ఉత్తరం చేరిన రోజునే ఆమెకు ఫోను చేయండి. నంబర్ల సంగతి ఎత్తకముందే కన్ను నొప్పిగా ఉందా, ఎరుపు ఉందా, వెలుతురు చూడలేకపోతోందా, చూపు మసకబారిందా అని అడగండి. వీటిలో ఏ ఒక్కటి ఉందన్నా, లెన్సు వెంటనే తీసేసి, పారవేయకుండా డబ్బాతో సహా వెంట పట్టుకుని ఆ పూటే నేత్రవైద్యుల దగ్గరకు వెళ్లమనండి, అందులోని సూక్ష్మజీవులను పరీక్షించవలసి రావచ్చు. ఏదీ లేదంటే, "రాత్రి లెన్సుతో నిద్రపోతారా" అనకుండా "వారంలో ఎన్నిసార్లు లెన్సుతోనే నిద్రపడుతుంది" అని అడగండి, జవాబు నిజంగా వస్తుంది. ఆ తరువాత, ఈసారి డబ్బు తీసుకోకుండా ఒక గంట కేటాయిస్తాననీ, కొత్త కళ్లజోడు గురించి ముందు మాట్లాడుకుందామనీ చెప్పి, ఏ రోజు రాగలదో ఆమెనే అడగండి.